ముందు కాగితాన్ని అనుమానించండి

(చిత్రకళ బోధనలో శిక్షణ పొందుతూ పిల్లల ఆర్ట్ క్యాంపులకు వాలంటీర్లుగా వెళ్తున్నవారి కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లు కాస్త ముందుకు రండి, నేను చూపించే కాగితాలు అంత దూరం కనపడవు. రండి, కుర్చీలున్నాయి.

మీరందరూ బొమ్మలు బాగా వేస్తారు. వేస్తారు కాబట్టే ఈ శిక్షణకు వచ్చారు. క్యాంపులో మొదటిరోజు మీకు అడ్డమొచ్చేది సరిగ్గా అదే. ఆరేళ్ల పిల్ల గుర్రం వేస్తూ ఉంటుంది. కాళ్లు కుదరట్లేదు. మీ వైపు చూసి "నాకు రావట్లేదు" అంటుంది. మీ చెయ్యి దానంతటదే పెన్సిల్ వైపు వెళ్తుంది. వెళ్తుందా లేదా? నవ్వకండి, అందరి చెయ్యీ వెళ్తుంది. ఆ చేతిని ఏం చెయ్యాలో తర్వాత మాట్లాడుకుందాం. ముందు సామాను సంగతి చూద్దాం.

"రావట్లేదు" అన్న మాట క్యాంపులో రోజూ వినపడుతుంది. విన్నప్పుడల్లా ముందు కాగితాన్ని అనుమానించండి. ఆ తర్వాత కుంచెను, రంగును, నీళ్లను. ఆ తర్వాత మీరిచ్చిన టైమును. పిల్లల్ని ఆఖరున. ఈ వరస మర్చిపోవద్దు. కాగితం, కుంచె, రంగు, నీళ్లు, టైము. పిల్లలు ఆఖరున.

కాగితం దగ్గర మొదలుపెడదాం. ప్రింటర్లో పెట్టే కాగితం 70 లేదా 80 జీఎస్ఎం ఉంటుంది. అంటే ఒక చదరపు మీటరు కాగితం అన్ని గ్రాములు తూగుతుందని. దాని మీద పెన్సిలు నడుస్తుంది, క్రేయాన్ నడుస్తుంది. తడి రంగు పెడితే ఏమవుతుంది? కాగితంలో ఉన్న నార నీళ్లు పీల్చుకుని ఉబ్బుతుంది. తడి తగిలినచోట సాగుతుంది, తగలనిచోట సాగదు. అందుకే ముడతలు. రంగు ఆ గుంటల్లోకి జారి నిలుస్తుంది. సరిచేద్దామని పిల్లవాడు అక్కడే మళ్లీ రుద్దుతాడు. కాసేపటికి పొట్టు లేస్తుంది, ఇంకాసేపటికి చిల్లు పడుతుంది. అప్పుడంటాడు, రావట్లేదని. ఇందులో వాడి తప్పేముంది చెప్పండి?

పోస్టర్ కలర్‌కి కనీసం 150 జీఎస్ఎం ఉండాలి. వాటర్ కలర్ బాగా తడిపి వేయించేటట్టయితే 200, ఆ పైన. అంత కాగితానికి డబ్బు లేదని నిర్వాహకులు అంటే, వాళ్లతో గొడవపడకండి. తడి పని ఉన్న రోజులకే మందం కాగితం పక్కన పెట్టండి, మిగతా రోజులు పలచటిదాని మీద క్రేయాన్, కొలాజ్ (ముక్కలు అంటించి చేసే బొమ్మ) చేయించండి. సైజు విషయంలో మాత్రం చాలామంది తిరగేస్తారు. చిన్నపిల్లలు కదా అని చిన్న కాగితం ఇస్తారు. నాలుగైదేళ్ల పిల్లలు భుజం నుంచి చెయ్యి మొత్తం కదిపి వేస్తారు, వేళ్లతో కాదు. వాళ్లకి ఏ3 కావాలి, అంటే మామూలు ప్రింటర్ కాగితం (ఏ4) రెండు కలిపినంత. పదేళ్లు దాటినవాళ్లు ఏ4లో సర్దుకుంటారు.

కాగితం నాలుగు మూలలా మాస్కింగ్ టేపు వేయండి. తీసేటప్పుడు పూర్తిగా ఆరాక, బొమ్మకు బయటివైపు ఏటవాలుగా లాగండి. తడిగా ఉండగా తీస్తే అంచు చిరిగి వస్తుంది. ఇక పేరు. రంగు మొదలుపెట్టకముందే, వెనక వైపు, పెన్సిల్‌తో. పని అయ్యాక రాద్దామంటే తడి కాగితాన్ని బోర్లించలేరు. ముందువైపు తడి రంగు మీద పెన్ను రాయదు. మధ్యాహ్నానికి మీ దగ్గర నలభై బొమ్మలు ఉంటాయి, ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు. పేరు పక్కన పైవైపుకి చిన్న బాణం గుర్తు కూడా వేయించండి. చివరిరోజు ప్రదర్శనలో నాలుగేళ్ల పిల్లల బొమ్మల్ని తలకిందులుగా అంటించడం మామూలే. పెద్దవాళ్లు కనిపెట్టరు, వేసిన పిల్ల మాత్రం గుమ్మంలోంచే కనిపెడుతుంది.

సరే, కుంచె. ఒక్క సూత్రం చాలు. చిక్కటి రంగుకి బిరుసు వెంట్రుక, పలచటి రంగుకి మెత్తటి వెంట్రుక. చిక్కటి పోస్టర్ కలర్‌లో సన్నటి మెత్తటి కుంచె ముంచితే రంగు ముందుకు సాగదు. పిల్లలు గట్టిగా నొక్కుతారు, వెంట్రుకల్ని పట్టి ఉంచే రేకు దాకా నొక్కుతారు, వెంట్రుకలు పువ్వులా విచ్చుకుని ఇక మొన నిలవదు. బిరుసు కుంచెతో వాటర్ కలర్ వేయిస్తే అది నీళ్లు పట్టదు, కాగితాన్ని గీరుతుంది. చిన్నవాళ్లకి రెండు సెంటీమీటర్ల వెడల్పున్న చదును కుంచె, పొట్టి పిడిది. పెద్దవాళ్లకి గుండ్రటివి, ఆరో నంబరో ఎనిమిదో. నంబర్లు అన్ని కంపెనీలకూ ఒకేలా ఉండవు, చూసి తీసుకోండి. పని మధ్యలో కుంచెల్ని నీళ్ల డబ్బాలో నిలబెట్టి వదిలేయనివ్వకండి. వెంట్రుక వంగిపోతుంది, కర్ర నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఆరాక రేకు వదులైపోతుంది. ప్రతి బల్ల మీదా మడతపెట్టిన పాతగుడ్డ ఒకటి పెట్టండి. కుంచె పడుకోవడానికీ, తుడుచుకోవడానికీ అదే.

రంగు. ఇక్కడ కాస్త ఆగుదాం, క్యాంపుల్లో ఎక్కువ చెడేది ఇక్కడే. పోస్టర్ కలర్ ఎంత చిక్కగా ఉండాలి? కుంచె ముంచి పైకెత్తండి. దానంతటది కారకూడదు, కాగితం మీద నొక్కితే ఇట్టే పరుచుకోవాలి. నీళ్లు ఎక్కువైతే ఆరాక వెలిసిపోతుంది. మరీ చిక్కగా, మందంగా వేస్తే ఆరాక బీటలు వారుతుంది, కాగితం చుట్టగానే పెచ్చులు రాలిపోతాయి. ఇంటికి తీసుకెళ్లేటప్పుడు చుడతారు కదా, అక్కడ తెలుస్తుంది.

ఎంత పోయాలి? ఇరవై మంది పిల్లలు, బల్లకి నలుగురు, అయిదు బల్లలు అనుకోండి. ఒక్కొక్కరూ రెండు ఏ3 కాగితాలు వేస్తారు. బల్లకి పసుపు 40 మిల్లీలీటర్లు, తెలుపు 40, ఎరుపు 20, నీలం 20. మొత్తం 120. అయిదు బల్లలకి 600 మిల్లీలీటర్లు. ఒకేసారి పోయకండి, సగం పోసి సగం మీ దగ్గర ఉంచుకోండి. గిన్నెలో ఎంత ఉంటే అంతా కలిపేస్తారు, పిల్లలు కదా. నలుపు మొదటిరోజు బయటికే తీయకండి. నలుపు చెడ్డదని కాదు. పక్కనుంటే ముదురు కావాలన్నప్పుడల్లా అదే ముంచుతారు, నీలంలో ఎరుపు కలిపి చూద్దామన్న ఆలోచనే రాదు.

పసుపు, తెలుపు రెట్టింపు ఎందుకు? లేత రంగును ముదురు రంగు మింగేస్తుంది కాబట్టి. ఆకుపచ్చ కావాలంటే ముందు పసుపు తీసుకుని, అందులో కుంచె మొనతో నీలం. కొంచెం. చాలకపోతే ఇంకొంచెం. దీన్ని తిరగేసి నీలంలో పసుపు పోసుకుంటూ పోతే గిన్నెడు పసుపు పోసినా అది నీలంగానే చూస్తూ ఉంటుంది. ఈ ఒక్క వరస చూపించకపోవడం వల్ల సగం క్లాసుకే పసుపు అయిపోతుంది.

ఊదా రంగు ఇంకో చిక్కు. ఎరుపూ నీలమూ కలిస్తే ఊదా అని అందరం చెప్తాం. పిల్లలు కలుపుతారు, ఇటుక రంగులాంటి మురికి వస్తుంది. మీరు చెప్పింది అబద్ధమైపోతుంది. ఎందుకలా? సీసాలో ఉన్న ఎరుపు నారింజ వైపు మొగ్గి ఉంటుంది, అంటే అందులో పసుపు దాగి ఉంది. ఎరుపు, పసుపు, నీలం మూడూ కలిస్తే గోధుమరంగే కదా వచ్చేది. గులాబీ వైపు మొగ్గిన ఎరుపు, క్రిమ్సన్ గానీ మెజెంటా గానీ తీసుకుంటే ఊదా శుభ్రంగా వస్తుంది. అందుకని ముందురోజు సాయంత్రం, పిల్లలకిచ్చే ఆ సీసాల్లోంచే తీసి, అదే కాగితం మీద కలిపి చూడండి. మీ ఇంట్లో ఉన్న మంచి రంగులతో కాదు, వాళ్లకిచ్చే రంగులతో.

నీళ్లు. వెడల్పుగా పొట్టిగా ఉన్న డబ్బాలు, బల్లకి రెండు, మూడోవంతు మాత్రమే నింపి, బల్ల మధ్యలో. ఒకటి కడగడానికి, ఒకటి శుభ్రమైన నీళ్లకి. డబ్బా అడుగు కనిపించకపోతే మార్చే టైమైంది. పిల్లలు అడిగేదాకా ఆగకండి, వాళ్లు అడగరు. పసుపు మురికిగా మారిందని బాధపడతారు తప్ప నీళ్లు మురికైనాయని వాళ్లకి తట్టదు. కడుగు, తుడుచు, ముంచు. ఈ మూడూ చేసి చూపించండి. రెండోది ఎగిరిపోతుంది, ఎప్పుడూ రెండోదే. తుడవని కుంచెలో రేకు దగ్గర నీళ్లు దాక్కుని ఉంటాయి, బొమ్మ మీదికి వంచగానే బొట్టుగా జారుతాయి. తాగే నీళ్ల సీసాల్లో రంగునీళ్లు మాత్రం పోయనే పోయకండి, ఏ కారణానికైనా సరే.

క్రేయాన్‌తో గీసి పైన రంగునీళ్లు పూసే పని మీ ప్రణాళికల్లో అందరూ రాశారు. మంచిదే, సులువుగా కనిపిస్తుంది. మరి ఎందుకు విఫలమవుతుంది? రెండే కారణాలు. ఒకటి, క్రేయాన్ తేలిగ్గా గీశారు. మైనం కాగితం మీద పొరలా పేరుకుంటేనే నీళ్లను ఆపుతుంది. అయిదేళ్ల వేళ్లకి అంత బలం ఉండదు, లావుపాటి క్రేయాన్ ఇచ్చి, అదే గీత మీద రెండోసారి గీయమనండి. రెండు, పైన పూసిన రంగు చిక్కగా ఉంది. చిక్కటి పోస్టర్ కలర్ మైనాన్ని కప్పేస్తుంది. దీనికి వాటర్ కలర్ కావాలి, లేదా పోస్టర్ కలర్‌లో రంగులా కాకుండా రంగునీళ్లలా కనిపించేదాకా నీళ్లు కలపాలి. తెల్ల క్రేయాన్‌తో రహస్య చిత్రం వేయిస్తే సరదాగానే ఉంటుంది గానీ, గీసిన గీత పిల్లలకే కనపడదు. కిటికీ పక్కన కూర్చోబెడితే వాలు వెలుతురులో మైనం మెరుస్తుంది.

బంకమట్టి గురించి క్లుప్తంగా. మనిషికి 300, 400 గ్రాములు సరిపోతుంది. తల, చెవి, తోక విడిగా చేసి అతికిస్తే ఆరాక ఊడిపోతాయి. రెండు వైపులా గీతలు గీకి, నీళ్లలో నానబెట్టిన మట్టిగుజ్జు రాసి, నొక్కి, అతుకు మీద వేలితో రుద్దాలి. ఒట్టి నీళ్లు రాస్తే పట్టదు. మందం సెంటీమీటరు దగ్గర ఉంచండి. కాళ్లు సన్నగా, పొట్ట లావుగా ఉంటే సన్నవి ముందు ఆరి ముడుచుకుంటాయి, లావుది ఇంకా తడిగా ఉంటుంది, చీలిక అతుకు దగ్గర వస్తుంది. ఒకరోజు పలచటి ప్లాస్టిక్ కప్పి నెమ్మదిగా ఆరనివ్వండి. పని అయ్యాక బల్లల్ని తడిగుడ్డతో తుడవండి. ఎండిన మట్టిని చీపురుతో ఊడ్చకండి, ఆ దుమ్ములో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకు మంచిది కాదు. చేతులు ముందు బకెట్లో కడిగించండి, తర్వాత కొళాయి దగ్గర. నేరుగా సింకులో కడిగితే మట్టి పైపులో పేరుకుని అది కాస్తా మూసుకుపోతుంది. క్యాంపు మూడోరోజు ఎవరు పిలిచినా ప్లంబర్ రాడు.

ఆరబెట్టే చోటు ఎవరూ లెక్క వేసుకోరు. ఏ3 కాగితం చదరపు మీటరులో ఎనిమిదో వంతు. నలభై కాగితాలంటే అయిదు చదరపు మీటర్లు, మధ్యలో ఖాళీ లేకుండా పరిస్తేనే. మీ హాల్లో ఉందా అంత నేల? లేకపోతే తాడు కట్టి క్లిప్పులు పెట్టొచ్చు గానీ, తడి పోస్టర్ కలర్ నిలువుగా వేలాడితే కారుతుంది. పావుగంట పడుకోబెట్టి, మెరుపు పోయాక తాడుకెక్కించండి.

టైము సంగతి. గంటన్నర క్లాసు అనుకుందాం. చూపించడానికి పది నిమిషాలు మించొద్దు, అయిదేళ్ల పిల్లలకి అయిదే. చెయ్యడానికి యాభై. సర్దడానికి ఇరవై. ఒకరి బొమ్మ ఒకరు చూసుకోవడానికి పది. సర్దడానికి ఇరవయ్యా అంటారేమో. ఇరవై మంది, రెండు కొళాయిలు, ఒక్కొక్కరికి నిమిషంన్నర. మీరే లెక్క కట్టండి, పావుగంట చేతులకే పోతుంది. సర్దేటప్పటికి ఎవరూ ఉలిక్కిపడకుండా పది నిమిషాల ముందు ఒకసారి, అయిదు నిమిషాల ముందు ఒకసారి చెప్పండి. బొమ్మ మధ్యలో ఉన్నట్టుండి కుంచె లాక్కుంటే పెద్దవాళ్లమైనా మనం ఊరుకుంటామా?

ఇప్పుడు ఆ గుర్రం కాళ్ల దగ్గరికి వద్దాం. కాగితం బాగుంది, పెన్సిలు బాగుంది, టైముంది, అయినా రావట్లేదు. ఏం చేస్తారు? ఆ కాగితం మీద మీరు గీయరు. ఒక్క గీత కూడా. గీశారనుకోండి, కాళ్లు బాగుంటాయి, తలేమో పిల్ల వేసింది, రెండూ పక్కపక్కన కూర్చుని తల తప్పని చెప్తాయి. రేపు ఆ పిల్ల గుర్రం వేయదు, మీ దగ్గరికి కాగితం తెస్తుంది. మరేం చెయ్యాలి? అడగండి. "గుర్రం నిలబడి ఉందా, పరిగెడుతోందా? మోకాలు ఎటు వంగుతుంది? నువ్వు గుర్రంలా నిలబడి చూపించు." పిల్లలు ఒంటితో చేసి చూశాక చేత్తో వేయగలుగుతారు. ఫొటో ఉంటే చూపించండి. మరీ తప్పదనుకుంటే వేరే చిత్తుకాగితం మీద మూడు రకాల కాళ్లు గబగబా గీసి, చూపించి, మడిచి జేబులో పెట్టుకోండి. జేబులో పెట్టుకోవడం ముఖ్యం.

నమూనా బొమ్మకీ ఇదే. ముందు గోడకి అంటించి వదిలేస్తే ఇరవై మందీ దాన్నే వేస్తారు. చూపించి తీసేయండి. లేదా ఒకదానికొకటి పోలిక లేనివి మూడు చూపించండి. 1897లో వియన్నాలో ఫ్రాంజ్ చిజెక్ పిల్లల కోసం చిత్రకళ తరగతి మొదలుపెట్టాడు, పిల్లల్ని వాళ్ల దారిన ఎదగనివ్వాలన్నది ఆయన పట్టు. అయినా ఆ తరగతి బొమ్మల్లో ఒకే పోకడ కనిపిస్తోందని తర్వాత విమర్శలు వచ్చాయి. చెయ్యి పెట్టకపోయినా మనం దేన్ని మెచ్చుకుంటామో పిల్లలు పసిగడతారన్నమాట. అందుకే "అబ్బ, ఎంత బాగుందో" అనేదాన్ని కాస్త తగ్గించండి. కనిపించేది చెప్పండి. "ఈ మూల మొత్తం నీలం నింపావు. ఇక్కడ కుంచె పొడిగా లాగావు, గీతలు గీతలుగా వచ్చింది." "ఇదేంటి?" అని మాత్రం అడగొద్దు. మీకు అర్థం కాలేదని ఆ ప్రశ్నే చెప్పేస్తుంది. "దీని గురించి చెప్పు" అంటే చాలు. చెప్పాలని లేకపోతే చెప్పరు, అదీ సరే.

వయసును బట్టి ఏది మామూలో తెలిసి ఉండాలి. కళావిద్యా పండితుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వివరించిన పిల్లల బొమ్మల దశలు మీరు చదువుకున్నారు. రెండు నుంచి నాలుగేళ్లు గీతలు గిలకడం, నాలుగు నుంచి ఏడు తలకే కాళ్లు మొలిచిన మనుషులు, ఏడు నుంచి తొమ్మిది అడుగున నేల గీత, పైన ఆకాశం, మధ్యలో ఖాళీ. ఇంటి గోడలోంచి లోపలి మంచం కనిపించేలా వేస్తారు. అమ్మ ఇంటికంటే పెద్దది. ఇవి తప్పులు కావు, సరిదిద్దకండి. తొమ్మిది దాటాక అసలు సంకటం మొదలవుతుంది. నిజంగా ఉన్నట్టు రావాలని వాళ్లకే పట్టుదల, రాకపోతే "నాకు బొమ్మలు రావు" అని కుంచె కింద పెట్టేస్తారు. వీళ్లకి "నీ ఇష్టం వచ్చినట్టు వెయ్యి" అంటే సాయం కాదు. ఇక్కడ నేర్పించాల్సిందే. ఒకదాని వెనక ఒకటి ఉంటే ఎలా కనిపిస్తుంది, నీడ ఎటు పడుతుంది, కొలిచి చూడటం ఎలా. చెయ్యి పెట్టొద్దన్నాను, నేర్పొద్దనలేదు. తేడా గమనించారు కదా?

జాగ్రత్తలు నాలుగు మాటల్లో. పిల్లలతో ఒంటరిగా గదిలో ఉండకండి, ఇంకో పెద్దవాళ్లు కనిపించే చోటే ఉండండి. ఇంటివాళ్లు ఒప్పుకోకుండా ఫొటోలు తీయకండి, బొమ్మ ఫొటో తీసినా పేరు కనపడనివ్వకండి. కుంచె పట్టే తీరు చూపించడానికి చెయ్యి పట్టుకోవాల్సి వస్తే ముందు అడగండి. రంగుల సీసా మీద ఏఎస్‌టీఎమ్ డీ-4236 (అమెరికా ప్రమాణాల సంస్థ నంబరు) అని ఉంటే అది విషం లేదని హామీ అనుకుంటారు. కాదు. దీర్ఘకాలంలో హాని చేసేవి ఉంటే లేబుల్ మీద చెప్పాలన్న నియమం పాటించారని దాని అర్థం. హెచ్చరికలు కూడా చదవండి.

మీ శిక్షణ కోసం రోజూ అరపేజీ రాసుకోండి, ఆరోజే. పిల్లల పేర్లు వద్దు, అక్షరం చాలు. "ఉత్సాహంగా ఉంది" అని రాస్తే రెండు వారాల తర్వాత మీకే పనికిరాదు. "పది నిమిషాలు పసుపు ఒక్కటే వాడింది, పక్కవాడి ఆకుపచ్చ చూసి నీలం అడిగింది" అని రాయండి. పాఠ ప్రణాళిక పక్కన ఇంకో గడి గీసి, అనుకున్నదొకటి జరిగిందొకటి అయినచోట కారణం రాయండి. ఏ కాగితం, ఎన్ని నీళ్లు, ఎన్ని నిమిషాలు.

ప్రశ్నలు అడగండి. ఆఁ, మీరు... అయిదు నిమిషాల్లో అయిపోయిందని లేచేవాళ్లనేం చేయాలి? మంచి ప్రశ్న, ప్రతి బల్లకీ ఒకరుంటారు. "ఇంకా వెయ్యి, ఇక్కడ ఖాళీ ఉంది" అని అదే కాగితం మీదికి తోయకండి. అలా తోస్తేనే బాగున్న బొమ్మ బురదవుతుంది. వాళ్లకి అయిపోయిందంటే అయిపోయింది. దాన్ని తీసి ఆరబెట్టి రెండో కాగితం ఇవ్వండి, ఈసారి సైజో, కుంచో, రంగుల సంఖ్యో మార్చి. రెండే రంగులు, పొడుగాటి సన్నటి కాగితం. అదీ అయిదు నిమిషాల్లో అయిపోతే నీళ్లు మార్చే పని వాళ్లకప్పగించండి. డబ్బా మూడోవంతే కాబట్టి ఒలికినా పెద్దగా ఒలకదు.